పదిహేడు సెకన్ల నేను

హల్ నగరంలో, స్ప్రింగ్ బ్యాంక్ వెనక సందులో,
బాయిలర్‌కీ ఇస్త్రీ బల్లకీ మధ్య నా ఆఫీసు.
కర్టెన్ కడ్డీకి పాత వెంకటగిరి చీర
పిన్నులు గుచ్చి వేలాడదీశాను,
చిలకపచ్చది, రెండుచోట్ల చిరుగు.
సాఫ్ట్‌వేర్ దాన్ని తీసేసి
టేకు బీరువా, నిండా పుస్తకాలు పెడుతుంది.
నేను ఒక్కటీ చదవని పుస్తకాలు.
వాటి ముందు కూచుని
వరద బీమా క్లెయిముల గురించి మాట్లాడతాను.

పచ్చగా ఏది కనబడ్డా మింగేస్తుందది.
ఓసారి పచ్చ రవికతో కూచుంటే
పుస్తకాల మధ్య తలకాయొక్కటే తేలింది.
ఇంకోసారి రెమ్మ చేతిలో ఉన్న సంగతి మరిచి వచ్చాను:
అరచేతిలో ఆకుల ఆకారంలో చిల్లులు,
చిల్లుల్లో బైండు పుస్తకాల వీపులు.
కూరలో కరివేపాకంటే ఏమిటో
ఈ యంత్రానికి ఎవరు చెప్పారో మరి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం
నన్ను నేను పదిహేడు సెకన్లు పట్టుకున్నాను.
నీలం స్వెట్టర్. వింటున్నట్టు కాస్త ముందుకి వంగి
రెండుసార్లు తలూపి, రెప్ప వేసి,
పెదవి చివర నవ్వో కాదో తెలియనంత మెలిక.
ఆరోసారికి అతుకు కనబడకుండా కుదిరింది.
కెమెరా బదులు దాన్ని వదిలితే చాలు,
డూడూ అన్నా అనకపోయినా తలూపే బసవన్న.
నేను వెళ్ళి పప్పు తాలింపు పెట్టుకోవచ్చు.

మార్చిలో ఓ మంగళవారం, మూడు నెలల లెక్కలు.
ఆవాలు చిటపటమంటున్నాయి.
చెవిలో కెల్విన్ గొంతు:
ఓవెన్ పోయింది, అన్నట్టు వినిపించింది.
పోతే కొత్తది కొనుక్కోవచ్చుగా, అనుకున్నాను,
ఎండుమిర్చి తుంచి వేస్తూ.
ఆ భాషలో పోయిందికీ పోయాడుకీ తేడా లేదు.
తర్వాతి నిశ్శబ్దమే చెప్పింది మనిషని.
ఓవెన్ అతని తమ్ముడు.

మాడు వాసన వెనకే వస్తుంటే పరుగెత్తుకొచ్చాను.
తెర మీద పది పెట్టెలు.
షబానా కళ్ళు కిందికి. నార్మన్ ఏదో టైపు చేస్తున్నాడు.
ఇద్దరు కెమెరాలే ఆపేశారు.
నేనొక్కదాన్నే, నీలం స్వెట్టరులో,
అతనివైపే వంగి, తలూపుతూ, రెప్ప వేసి,
మళ్ళీ తలూపుతూ.
ఆపబోయి ఆగాను. ఒంటిమీద నూనె చుక్కల నైటీ,
చేతిలో గరిటె.
బల్ల పక్కన నిలబడి
నన్ను చూస్తూ ఉండిపోయాను.

సాయంత్రం అతని మెసేజి:
"నువ్వొక్కదానివే చూపు తిప్పుకోలేదు. థాంక్స్, క్యాట్."
కాత్యాయని ఇక్కడ అంతవరకే పలుకుతుంది.
జవాబు మూడుసార్లు రాశాను,
మూడుసార్లు చెరిపాను,
చివరికి ఒక పువ్వు బొమ్మ పంపాను. పచ్చ కాడతో.

మరుసటి వారం నిజం కెమెరా పెట్టాను.
చీర తీసేశాను, ఇస్త్రీ బల్ల కనబడితే కనబడనీ అని.
కెల్విన్ అంత్యక్రియల గురించి చెబుతున్నాడు.
చూశాను. గట్టిగానే చూశాను.
ఎనిమిది సెకన్లకే నా కళ్ళు
నా పెట్టెలోకి జారాయి,
బాధ ముఖంమీద సరిగ్గా కూచుందా లేదా అని.
నీలం స్వెట్టరుది ఎన్నడూ
తన వంక తాను చూసుకోలేదు.

శనివారం బస్సెక్కాను, బెవర్లీకి.
ఒళ్ళో స్టీలు డబ్బా, డబ్బాలో పులిహోర,
వాన అద్దాన్ని అడ్డంగా గీస్తోంది.
తలుపు తీసి ఒక్క క్షణం పోల్చుకోలేదు కెల్విన్.
"నువ్వింత పొట్టి అనుకోలేదు," అన్నాడు.
నేనూ అతనికి కాళ్ళుంటాయని అనుకోలేదు.

వంటింట్లో ఫ్రిజ్ మీద ఇద్దరు కుర్రాళ్ళ ఫోటో,
చేపలు పట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించి.
ఎవరెవరో అడగలేదు. చెప్పాలనుకున్నది చెప్పలేదు.
డబ్బా చేతికిస్తే
"ఓవెన్‌లో వేడి చెయ్యనా?" అంటూ తిరగబోయి
మధ్యలో ఆగిపోయాడు.

అప్పుడు చూపు తిప్పుకున్నాను.